ఆగవద్దని నేను రాసిన బండి

"అంకుల్, మీరు అమెరికాలో రైళ్ళ ఆఫీసులో పనిచేశారట కదా? ఇక్కడ రైళ్ళు ఉన్నాయా అసలు?" అని మొన్న ఫ్రిస్కోలో మా అమ్మాయి ఇంటికి భోజనానికి వచ్చిన ఒక అమ్మాయి అడిగింది. ఈమధ్యే ఇంజనీరుగా ఉద్యోగంలో చేరిందట. వాళ్ళమ్మ కళ్ళెర్ర చేసింది. అందులో కోప్పడాల్సిందేమీ లేదు. పాల డబ్బాకి కూడా కారు తియ్యాల్సిన ఊళ్ళో పెరిగిన పిల్లకి ఆ అనుమానం రావడంలో వింతేముంది? ఉన్నాయమ్మా. ఇరవై తొమ్మిదేళ్ళు వాటికి టైమ్‌టేబుళ్ళు రాశాను. బాగా రాశాను. ఆ మాట నా నోటితో నేనే చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు, ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయేది నేను బాగా రాయని ఒకే ఒక్కదాని గురించి.

అమెరికా తూర్పు తీరంలో ఒక రాష్ట్రం. పొద్దున్నే జనాన్ని పట్నానికి చేర్చి సాయంత్రం ఇళ్ళకి తెచ్చే రైళ్ళ ఆఫీసు మాది. డెబ్భైల చివర నేను అందులో ప్లానింగ్ సెక్షన్‌లో ఉన్నాను. మా మెయిన్ లైన్ మీద ఒక జంక్షన్ ఉండేది. అక్కడినుంచి ఆరు మైళ్ళ బ్రాంచి లైను. దాని చివర చిన్న ఊరు, ఆ ఊళ్ళో పెద్ద ఆసుపత్రి. రెండు పెట్టెల బండి ఒకటి రోజంతా ఆ ఆరు మైళ్ళూ తిరుగుతూ ఉండేది. మెయిన్ లైన్ బండి దిగినవాళ్ళు పట్టాల కింది దారిలోంచి అవతలి ప్లాట్‌ఫారానికి వెళ్ళి దాన్ని ఎక్కాలి. మధ్యలో మూడు నిమిషాల వ్యవధి.

కాగితం మీద మూడు నిమిషాలు. నిజానికి మా మెయిన్ లైన్ బండ్లు రోజూ నాలుగైదు నిమిషాలు ఆలస్యం. పాత ఇంజన్లు, పాత సిగ్నళ్ళు. పాపం బ్రాంచి బండి డ్రైవరు జనం కోసం ఆగేవాడు. ఆగితే అతనికీ ఆలస్యమే. ప్రతి సోమవారం మా డైరెక్టరు గోడకి ఒక చార్టు తగిలించేవాడు. ఆలస్యమైన బండికి ఎర్ర గడి, వేళకి నడిచినదానికి పచ్చ గడి. బ్రాంచి లైను వరసంతా రక్తం కారుతున్నట్టు ఉండేది. "దీన్ని ఎవరైనా బాగుచేస్తారా?" అని ఆయన అడిగిన రోజున నేను ఛాతీ విరుచుకుని లేచి నిలబడ్డాను. వయసు అలాంటిది.

బాగుచేశాను. ఎంత తేలికో చూడండి. ఒక్క వాక్యం రాశాను: బ్రాంచి బండి ఎవరి కోసమూ ఆగకూడదు.

మర్నెలకల్లా వరసంతా పచ్చటి పైరు! మా రైళ్ళన్నిటిలోకీ వేళకి నడిచే లైను అదే అయి కూర్చుంది. నా పేరు చెక్కిన చెక్కపలక ఒకటి బహుమానంగా ఇచ్చారు. దాన్ని నా టేబులు ఎదురుగా తగిలించుకుని, వచ్చినవాళ్ళ చూపు దానిమీద పడేదాకా మాటలు సాగదీసేవాడిని.

ఒక్కడికి మాత్రం అది నచ్చలేదు. మా కంట్రోల్ రూములో ముప్ఫై ఏళ్ళు బండ్లు నడిపించిన పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. రైళ్ళ పిచ్చి. సెలవురోజున కూడా ఏదో ఒక ప్లాట్‌ఫారం చివర నిలబడి, పోయే ప్రతి ఇంజను నెంబరూ చిన్న నోటు పుస్తకంలో రాసుకునేవాడు. "ఆ నెంబర్లన్నీ ఏం చేసుకుంటావయ్యా, ఊరగాయ పెట్టుకుంటావా?" అని నేను ఏడిపించేవాడిని. నా చెక్కపలక చూసి ఆయన కాఫీ చప్పరిస్తూ అన్నాడు:

"బండి వేళకి వెళ్ళింది. బాగుంది. మరి జనం?"

"జనం తర్వాత బండికి వెళ్తారు."

"తర్వాత బండి గంటా పది నిమిషాలకి కదా?"

"అది వాళ్ళ మెయిన్ లైన్ బండి తప్పు. నా బండిది కాదు," అన్నాను. ఆయన కనుబొమలు ఎగరేసి కప్పు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట నేను చెవిన పెట్టలేదు.

అయిదారేళ్ళు గడిచాయి. ఎనభైల మధ్యలోకి వచ్చాం. మా వీధి చివరి అపార్ట్‌మెంట్‌లోకి గుంటూరు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. బ్రాంచి లైను చివరి ఆసుపత్రిలోనే రెసిడెన్సీ శిక్షణ. భర్తకి ఇంకా వీసా రాలేదు. రెండేళ్ళ పాప. పొద్దున్నే పాపని మా ఆవిడ దగ్గర వదిలి రైలెక్కేది, సాయంత్రం వచ్చి తీసుకెళ్ళేది. ఆసుపత్రి పక్కకి మారిపోదామంటే అక్కడ పాపని చూసేవాళ్ళు లేరు. కారు నడుపుదామంటే రోడ్ టెస్ట్ అప్పటికి మూడుసార్లు తప్పింది. మూడోసారి పరీక్ష పెట్టినాయన కారు దిగి చెట్టు పట్టుకుని నిలబడ్డాడని ఆవిడే చెప్పి నవ్వేది.

నవ్వని విషయం ఒకటుంది. సాయంత్రం పాప కోసం వచ్చినప్పుడు మా సోఫాలో కూలబడి మొదలుపెట్టేది.

"ఇవాళ కూడా మిస్ అయింది వదినా! మెట్లెక్కి పైకి వచ్చేసరికి తోక చూపించి వెళ్ళిపోయింది. నన్ను చూసి మరీ వెళ్తుంది ఆ దిక్కుమాలిన బండి! చలిలో గంట నిలబడ్డాను. రౌండ్స్‌కి లేట్."

"ముందు బండికి వెళ్ళకూడదా?" అంది మా ఆవిడ.

"ముందు బండి అయిదున్నరకి వదినా. అప్పుడు పాపని తెచ్చి మీకిస్తే మీరు నన్ను గుమ్మం ఎక్కనిస్తారా? చీఫ్ నిన్న పిలిచి చెప్పేశాడు. ఇంకా ఇలాగే లేట్ అవుతుంటే కాంట్రాక్ట్ రెన్యూ చెయ్యరట. రెన్యూ కాకపోతే వీసా పోయినట్టే. ఆ టైమ్‌టేబుల్ రాసిన మహానుభావుడెవడో ఒక్కసారి కనిపిస్తే బావుణ్ణు. అన్నయ్యగారూ, మీ ఆఫీసే కదా, ఎవరండీ ఆయన?"

నేను పేపరు కొంచెం పైకెత్తి పట్టుకున్నాను. "పెద్ద ఆఫీసమ్మా," అన్నాను. మా ఆవిడకి తెలుసు. ఆవిడ నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

అదే శీతకాలం మా డైరెక్టరు కొత్త ఆలోచన చేశాడు. బ్రాంచి లైను ఎక్కేవాళ్ళు తగ్గిపోయారు, మూసేద్దాం అని. మూసేముందు ఊరివాళ్ళతో బహిరంగ సభ పెట్టాలి, అది రూలు. సభకి గట్టి ఆధారం కావాలి కనక నన్ను యూరప్ పంపించాడు. వేరే దేశాల్లో చిన్న లైన్లు ఎలా నడుస్తున్నాయో పోల్చి పట్టిక తయారుచెయ్యమన్నాడు. అక్కడా చిన్న లైన్లు ఆలస్యంగా, ఖాళీగా నడుస్తున్నాయని తేలితే ఇక్కడ మూసేసినా తప్పులేదన్నది ఆయన లెక్క. తోడుగా మా కంట్రోల్ రూము పెద్దాయన. ఆయనకి రిటైరవడానికి ఇంక ఏడాదే ఉంది. యూరప్ అనగానే ఆయన ముందు సర్దుకున్నది ఆ నోటు పుస్తకాలే.

స్టాప్‌వాచీ పట్టుకుని మొదట ఇంగ్లండులో దిగాను. అక్కడ నేను ఎక్కిన బండి ఆలస్యమైతే ఎంత మర్యాదగా క్షమాపణ చెప్పారంటే, ఇంకాసేపు ఆలస్యమైనా బాగుండుననిపించింది. ఫ్రాన్సులో అప్పటికి కొత్తగా వచ్చిన వేగపు రైలెక్కి కిటికీలోంచి చూస్తే కళ్ళు తిరిగాయి. అయితే దిగాక పల్లెకి వెళ్ళే చిన్న బండి కోసం రెండు గంటలు బెంచీ మీద కూర్చున్నాను. నా పట్టికలో అన్నిటికీ అంకెలు వేశాను. వేగం, ఆలస్యం, ఎక్కినవాళ్ళు. నా అంత శ్రద్ధగా ఎవరూ వెయ్యలేరు.

జర్మనీలో నేను పెద్ద స్టేషన్లే పెట్టుకున్నాను. పెద్దాయన మాత్రం ఒక పాతకాలపు కరెంటు ఇంజను కోసం ప్రాణం పెట్టాడు. ఆ రకంలో ఒకే ఒక నెంబరు తన పుస్తకంలో మిగిలిపోయిందట. అది రైన్ నది ఒడ్డున ఒక చిన్న జంక్షన్‌లో మంగళవారాలు కనిపిస్తుందని ఏదో పత్రికలో చదివాడట. "ఒక్క పూట," అని బతిమాలాడు. ఎలాగూ అక్కడా ఒక బ్రాంచి లైనుంది కదా అని సరేనన్నాను.

ప్లాట్‌ఫారం చివర ఈయనలాంటి వాళ్ళే ముగ్గురు తయారుగా ఉన్నారు. మడత స్టూలు వేసుకుని, మెళ్ళో బైనాక్యులర్లు, చేతిలో నోటు పుస్తకం. వాళ్ళలో ఒకాయన రిటైరైన పోస్ట్‌మాన్. నాలుగు ముక్కలు ఇంగ్లీషు వచ్చు. మా పెద్దాయనా వాళ్ళూ భాష లేకుండానే నెంబర్లు చూపించుకుంటూ చిన్నపిల్లల్లా పకపకలాడుతున్నారు. నాకు విసుగొచ్చింది. నేను బ్రాంచి బండి దగ్గర నిలబడ్డాను. ఎర్రరంగు చిన్న బండి, బస్సుకి రైలు చక్రాలు తగిలించినట్టుంది.

బయల్దేరే వేళ అయింది. బండి కదల్లేదు. నేను వాచీ నొక్కాను. ఒక నిమిషం. రెండు. మూడు. గార్డు తలుపు దగ్గర చేతులు కట్టుకుని, ఏమీ పట్టనట్టు నిలబడ్డాడు. నా ఆనందం ఇంతా అంతా కాదు. జర్మనీ వాళ్ళ సమయపాలన గురించి మా ఆఫీసులో ఎన్ని కథలు విన్నాను! "ఇదుగో, వీళ్ళదీ లేటే!" అని పెద్దాయనకి వినబడేలా అరిచి పట్టికలో ఎర్రగా ఒక గీత గీశాను.

అయిదో నిమిషంలో మెయిన్ లైన్ బండి వచ్చింది. ఆలస్యంగా. పదకొండుమంది దిగారు. ఒక ముసలమ్మ బుట్ట పట్టుకుని అందరికంటే వెనక. గార్డు ఎదురెళ్ళి ఆ బుట్ట అందుకున్నాడు. ఆవిడ ఎక్కి కూర్చున్నాక అప్పుడు ఈల వేశాడు. బండి వెళ్ళిపోయింది.

పోస్ట్‌మాన్ ఎప్పుడొచ్చాడో నా పక్కన నిలబడి పట్టిక చూస్తున్నాడు. నా ఎర్ర గీత మీద వేలు పెట్టి తల అడ్డంగా ఊపాడు. "ఆలస్యం అని రాశావే? వాళ్ళ కోసం ఆగింది," అన్నాడు, తప్పు రాసిన పిల్లవాడికి దిద్ది చెప్పినట్టు. తన పుస్తకం తీసి చూపించాడు. అందులో ఇంజను నెంబర్ల పక్కన, ఏ బండి ఏ బండి కోసం ఎన్ని నిమిషాలు ఆగిందో కూడా రాసుకున్నాడు. ఏళ్ళ తరబడి. సరదాకి!

మా పెద్దాయన నెమ్మదిగా నడిచి వచ్చాడు. వెళ్ళిన బండి వైపు చూస్తూ అన్నాడు: "మన బండి అయితే ఈపాటికి సగం దూరం పోయి ఉండేది. సరిగ్గా వేళకి. ఖాళీగా."

నాకు తల కొట్టేసినట్టయింది. చలిలో గంట నిలబడ్డాను అన్న డాక్టరమ్మ గొంతు చెవిలో వినబడింది. ఆ లైను ఖాళీ అయిందని, మూసెయ్యడానికి ఆధారం వెతకమని నన్ను సముద్రం దాటించారు. అది ఖాళీ అయిన కారణం నా టేబులు ఎదురుగా గోడకి వేలాడుతోంది.

అన్నట్టు ఆ పాత ఇంజను ఆ రోజు రాలేదు. పెద్దాయన పెద్దగా బాధపడినట్టు కనబడలేదు.

తర్వాత వారం నేను స్టాప్‌వాచీ సంచిలో పడేసి, బండి మారే మనిషి వెనకాలే తిరిగాను. స్విట్జర్లాండులో అన్ని వైపుల బండ్లూ ఒకేసారి స్టేషనుకొచ్చి, జనాన్ని అటూ ఇటూ మార్చుకుని, మళ్ళీ ఒకేసారి వెళ్ళిపోవడం చూశాను. అది చూసిన టైమ్‌టేబుల్ మనిషికి కళ్ళు చెమర్చకపోతే వాడు వేరే ఉద్యోగం చూసుకోవాలి. ఇటలీలో బోర్డు ఒక మాట చెప్పింది, కౌంటర్లో ఆయన ఇంకో మాట చెప్పాడు, చివరికి పెట్టెలో కూర్చున్న ఒక కుటుంబం నాకు రొట్టె పెట్టి సరైన బండి ఎక్కించారు. ఏ దేశం గొప్పదని మీరడిగితే నా జవాబు ఒకటే. బండి తప్పబోతున్న మనిషిని ఆ దేశం ఏం చేస్తుందో చూడండి. వేగం తర్వాత చూద్దాం.

తిరిగొచ్చి డైరెక్టరుకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన కాసేపు పెన్సిలు తిప్పాడు.

"శనివారం సభలో పట్టిక చదువు. ఎవరూ అడక్కపోతే ఇదంతా చెప్పొద్దు," అన్నాడు. "అడిగితే, ఆపరేషనల్ కారణాలు అని నేను చెప్తాను. నీ మంచి కోసమే అంటున్నాను."

ఆయన చెడ్డవాడేమీ కాదు. మర్నెల నాకు ప్రమోషన్ రావాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

శనివారం మధ్యాహ్నం బ్రాంచి లైను చివరి ఊళ్ళో, స్కూలు జిమ్‌లో సభ. డాక్టరమ్మని నేనే కార్లో తీసుకెళ్ళాను. దారి పొడుగునా చెప్పెయ్యాలనుకుంటూనే ఉన్నాను. చెప్పలేదు. పిరికితనం, ఇంకేం లేదు.

నేను పట్టిక చదివాను. ఊరివాళ్ళు ఒక్కొక్కరే మైకు దగ్గరికి వచ్చి వాళ్ళ కష్టం చెప్పుకున్నారు. డైరెక్టరు అందరికీ తల ఊపాడు. చివర్లో డాక్టరమ్మ లేచింది. చీర మీద పెద్ద కోటు. మాట స్పష్టంగా ఉంది.

"నేను మెట్లెక్కుతూ ఉండగానే బండి వెళ్ళిపోతుంది. రోజూ. దానికేదైనా కారణం ఉందా? నేను డాక్టర్ని. కారణం చెబితే అర్థం చేసుకోగలను."

"ఆపరేషనల్ కారణాలు," అన్నాడు డైరెక్టరు.

"అవేమిటి?" అంది.

డైరెక్టరు నావైపు తిరిగాడు. ఏం చెప్పాలో ఆయన కళ్ళే చెబుతున్నాయి. నేను లేచాను. మైకు అందుకున్నాను.

"కారణం ఏమీ లేదు. ఆ బండి ఆగకూడదని రాసింది నేను. లెక్కల్లో వేళకి నడిచినట్టు కనబడటం కోసం రాశాను. మీరు ఎక్కడం మానలేదు, మిమ్మల్ని ఎక్కనివ్వలేదు. ఈ లైను ఖాళీ అవడానికి కారణం నా టైమ్‌టేబుల్. మూసేముందు ఒక్క ఆరునెలలు దాన్ని ఆగనివ్వండి," అన్నాను.

వెనక వరసలో ఎవరో ఒక తిట్టు తిట్టారు. న్యాయమైన తిట్టే. వేదిక మీదున్న మా రైళ్ళ బోర్డువాళ్ళు తలలు దగ్గరికి చేర్చుకుని గుసగుసలాడారు. చివరికి ఆరునెలలు ఇచ్చారు. మెయిన్ లైన్ బండి కోసం ఏడు నిమిషాల దాకా ఆగవచ్చని.

తిరుగు ప్రయాణంలో డాక్టరమ్మ మొదట కిటికీలోంచి ఆ పట్టాలవైపే చూస్తూ కూర్చుంది. తర్వాత అంది: "అన్నయ్యగారూ, ఒక్కటి అడుగుతాను. నేను మీ ఇంట్లో కూర్చుని ఆ మనిషిని తిట్టేదాన్ని కదా. మీకెలా ఉండేది?"

"కాఫీ గొంతు దిగేది కాదమ్మా."

"దిగేదండీ. రెండో కప్పు కూడా అడిగేవారు."

ఆవిడే ముందు నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "నేనింకా తిట్టడం అవలేదు. సోమవారం బండి ఆగితే అప్పుడు ఆలోచిస్తాను," అంది.

ఆరునెలల తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను, మిమ్మల్ని ఊరించి నాకు ఒరిగేదేమీ లేదు. లైను మూయలేదు. నేను రిటైరయ్యేనాటికి దానికి మూడో పెట్టె తగిలించారు. డాక్టరమ్మ కాంట్రాక్టు రెన్యూ అయింది, భర్త వచ్చాడు. నాకు ప్రమోషన్ రెండేళ్ళు ఆలస్యంగా వచ్చింది. బాధపడలేదంటే అబద్ధం, బాగానే బాధపడ్డాను. చిన్నవాళ్ళైన మీకు నేను చెప్పేదొక్కటే. మీ చార్టు అంతా పచ్చగా కనబడిన రోజున లేచి వెళ్ళి ప్లాట్‌ఫారం మీద నిలబడండి. నేను ఆ వాక్యం రాశాక, బండి వేళకి ఆ జంక్షన్‌కి ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు.

మొదటిసారి వెళ్ళింది ఆ సోమవారం పొద్దున. మంచు గట్టిగా పడుతోంది. మెయిన్ లైన్ బండి జాడ లేదు. బ్రాంచి బండి డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, వాచీ చూసి, నన్ను చూశాడు. అయిదేళ్ళ కిందట ఇతను ఎవరి కోసమో రెండు నిమిషాలు ఆగితే నేను సంజాయిషీ అడుగుతూ ఉత్తరం పంపించాను.

"వేళ అయింది సార్. నిజంగా ఆగమంటారా?"

"ఆగు."

"నోటిమాట వద్దు సార్. రాసివ్వండి."

రాసిచ్చాను. ఆలస్యాల కాగితంలో కారణం అనే గడి ఉంటుంది. సిగ్నలు, మంచు, ఇంజను అని ఏదో ఒకటి రాస్తాం. అందులో 'దిగేవాళ్ళ కోసం' అని రాసి కింద సంతకం పెట్టాను. అతను దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, తలుపులు తెరిచి ఉంచాడు.

ఆరో నిమిషంలో మెయిన్ లైన్ బండి వచ్చింది. కింది దారిలో అడుగుల చప్పుడు. మెట్లమీద అందరికంటే ముందు డాక్టరమ్మ, ఒక చేత్తో కుచ్చెళ్ళు, ఒక చేత్తో బ్యాగు పట్టుకుని పరిగెత్తుకుంటూ పైకి వచ్చింది. పైమెట్టు మీద తలెత్తి చూసింది. బండి ఉంది. తలుపులు తెరిచే ఉన్నాయి. ఆవిడ పరుగు ఆపింది. ఒక్క క్షణం నిలబడి ఊపిరి తీసుకుంది. కుచ్చెళ్ళు వదిలి, కోటు సర్దుకుని, నడుచుకుంటూ వచ్చి బండెక్కింది.